పారమ్మ కుండ

బహుమానం నా బావమరిదికి వచ్చింది. పోయింది నా భార్య.

ఆ కబురు నాకు షెడ్డులో తెలిసింది. సాలూరులో లారీలకు బాడీలు కట్టే షెడ్డు అది. నేను వడ్రంగిని. ఇనుప చట్రం మీద చెక్కలు బిగించడం నా పని. ఆ రోజు లారీ పక్క చెక్కల మీద నిలబడి మేకులు కొడుతున్నాను. కింద పెయింటర్ ఎర్రయ్య ఫోను పట్టుకుని నిలబడ్డాడు.

"నర్సింనాయుడు మావా, నీ బావమరిది టీవీలో పడ్డాడు."

"పడితే లేపండి," అన్నాను.

"నవ్వులాట కాదు. జఠరాగ్ని పురస్కారమట. కడుపు జబ్బుల మీద పరిశోధన చేసినోళ్ళకి ఇస్తారట. దేశం మొత్తం మీద ఏడాదికి ఒక్కడికే. మన జగ్గుబాబుకి వచ్చింది. పేగుపూతకి మందు కనిపెట్టినాడని సెప్తన్నారు."

"అయితే మాకు పార్టీ ఏటి?" అన్నాడు వెల్డింగు చేసే అతను.

"మీ కడుపులు బాగానే ఉన్నాయి కదా. మీకెందుకు?"

అందరూ నవ్వారు. నేను కిందికి దిగాను. దిగడంలో చూసుకోలేదు. పాత చెక్కలోంచి పైకి లేచిన మేకు మీద కాలు పడింది. చెప్పును చీల్చుకుని అరికాల్లోకి దిగింది.

"షుగరున్నోడివి, సూసుకోవద్దేటి మావా," అన్నాడు ఎర్రయ్య. తనే మేకు లాగి, గుడ్డ కట్టాడు.

మరి రెండు రోజులకు కాలు వాచింది. మా ఊరి డాక్టరు చూసి మాత్రలు రాశాడు. ఈ రాత్రి నుంచే వేసుకోవాలన్నాడు. ఒక్క పూట కూడా మానకూడదన్నాడు. చీము పైకి ఎక్కితే కాలు తీసెయ్యాల్సి వస్తుందన్నాడు. మాత్రలు కొనుక్కుని ఇంటికి వచ్చేసరికి నా గుమ్మం ముందు కారు ఉంది.

కారులో జగ్గు ఉన్నాడు. వాళ్ళ అప్ప, అంటే అక్క, పోయి రెండేళ్ళు దాటింది. పెద్దకర్మ తర్వాత అతను మా గడప తొక్కడం అదే మొదటిసారి.

అతను ఎందుకు వచ్చాడో చెప్పేముందు పారమ్మ సంగతి చెప్పాలి.

*

పారమ్మ నా భార్య. జగ్గు ఆమె తమ్ముడు. బడిలో పేరు లెంక జగన్నాథనాయుడు. తల్లి పోతే వాడిని పారమ్మే పెంచింది. మా పెళ్ళయ్యాక మా ఇంట్లోనే ఉండి ఇంటరు చదివాడు. పొద్దున్నే తరవాణి అన్నం తిని కాలేజీకి వెళ్ళేవాడు.

పారమ్మ కాపురానికి వచ్చినప్పుడు ఆమె చేతిలో పెట్టె లేదు. మూతి కట్టిన చిన్న కుండ ఉంది. అందులో వాళ్ళమ్మ ఇచ్చిన తరవాణి ఉంది. రోజూ వార్చిన గంజి ఆ కుండలో పోసేది. ఉప్పు, దబ్బాకులు వేసేది. పులిసిన నీళ్ళలో రాత్రి అన్నం వేసి పొద్దున్న పెట్టేది. కుండ ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేసేది కాదు. అడుగున కొన్ని నీళ్ళు ఉంచి, వాటి మీదే కొత్త గంజి పోసేది. ఆ అడుగు నీళ్ళు వాళ్ళ అమ్మమ్మ కాలం నాటివి అనేది.

ఎవరి కుండ అయినా పాడైతే ఆ అడుగు నీళ్ళు అడిగి తీసుకెళ్ళేవాళ్ళు. దానికో పద్ధతి ఉంది. ఆడమనిషి చేతికే ఇవ్వాలి. ఆమె ఆ ఇంట్లోనే ఒక గుక్క తాగాలి. తన కొంగున తెచ్చిన గుప్పెడు బియ్యం పెట్టి వెళ్ళాలి. తర్వాత ఇచ్చినవాళ్ళ కుండ పోతే, పుచ్చుకున్నవాళ్ళు తెచ్చి ఇవ్వాలి. బాకీ ఉంచుకోకూడదు.

జగ్గు పెద్ద చదువులు చదివాడు. విశాఖపట్నంలో పరిశోధనశాలలో చేరాడు. పేగుపూత మీద పని. పేగు లోపలి పొర పుండై పోతుంది. నెత్తురు పడుతుంది. మనిషి దొడ్డి వదిలి నాలుగడుగులు వెయ్యలేడు. మందులతో అణుగుతుంది గాని పోదు. చిన్నవయసు వాళ్ళకు ఎక్కువగా వస్తోంది.

మా వీధిలో ఆ జబ్బు ఎవరికీ లేదు. జగ్గు గమనించింది అదే. ఒకసారి వచ్చి కుండలో నీళ్ళు సీసాలో పట్టుకున్నాడు. తర్వాత తెల్ల డబ్బా ఒకటి వాళ్ళ అప్ప చేతికిచ్చాడు. ఎందుకో చెప్పాడు.

పారమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఓరి జగ్గూ, ఇంత సదువూ సదివి నా దొడ్డికి ఎల్లిందానికి డబ్బా పట్టుకొచ్చినావేటిరా?"

"అందులో బంగారం ఉంది అప్పా."

"అయితే మీ బావది కూడా పట్టుకెల్లు. ఆయన తిండికి రెండు తులాలు ఎక్కువే పడతాది."

"బావది పనికిరాదు. అంతా బీడీ కంపు."

వీధిలో అందరి దగ్గరా తీసుకున్నాడు. అన్నిటికంటే పారమ్మదే బాగా పని చేసింది.

ఎలా పని చేసిందో మమ్మల్నిద్దర్నీ తీసుకెళ్ళి చూపించాడు. ఆ గదిలో గాజుపలక ఉంది. దాని మీద మనిషి పేగు పొరను పెంచారు. ప్రాణం ఉన్న పొర. సూదితో దాని మీద గీత గీశారు. పెద్ద తెర మీద ఆ గీత ఎండిన చెరువులో బీటలా కనబడింది. ముందు ఒక పలక మీద, అప్పటికున్న మందుల్లోకెల్లా మంచిది వేశారు. గీత అలాగే ఉంది. రెండో పలక మీద పారమ్మ కడుపులోంచి తీసి వడగట్టిన చుక్క వేశారు. అలా చూస్తూ ఉండగానే అంచులు కదిలాయి. రెండు వైపుల నుంచీ దగ్గరకు జరిగాయి. కలిసిపోయాయి.

"పాల మీద మీగడ కట్టినట్టుందిరా," అంది పారమ్మ.

ఆ గదిలో పరిశోధన చేసే పిల్లలంతా చప్పట్లు కొట్టారు. జగ్గు ఏడ్చాడు. నేను అప్పుడు వాడిని చూసి గర్వపడ్డాను. ఆ మాట దాచను.

అది కంటికి కనపడని జీవి. కుండలో నిద్రపోతుంది. పేగులోకి వెళ్ళాక లేస్తుంది. లేచి పుండు పూడుస్తుంది. దానికో పేరు పెట్టారు. ముందు నోరు తిరగని లాటిన్ మాట ఒకటి. వెనక 'పారమ్మే' అని ఉంటుంది.

"పురుక్కి నా పేరేటిరా," అంది పారమ్మ. తర్వాత ఆ మాట వీధంతా చెప్పుకుంది.

నాలుగేళ్ళు మందు ఆమె కడుపులోంచి వెళ్ళింది. డబ్బా తీసుకెళ్ళడానికి మనిషి వచ్చేవాడు. వడగట్టి, గుళికల్లో పెట్టి రోగులకు ఇచ్చేవాళ్ళు. చాలామందికి నయమైంది. వాళ్ళు లేచి ఉద్యోగాలకు వెళ్ళారు. పారమ్మ మాత్రం పెళ్ళికి వెళ్తే భోజనం చేసేది కాదు. తలనొప్పి వస్తే మాత్ర వేసుకునేది కాదు. కడుపులోది చెడిపోతుందని జగ్గు చెప్పాడు. ఆమె తరవాణి అన్నం, చారు, పప్పు తిని బతికింది. మిఠాయి చూసి మొహం తిప్పుకునేది.

"ఎంతకాలం ఇలా?" అని అడిగాను ఒకసారి.

"ఇనుప తొట్టెల్లో పెంచడం వచ్చేదాకా బావా. వచ్చేస్తాది."

*

ఆ నాలుగో ఏడు వానలప్పుడు పారమ్మకు జ్వరం వచ్చింది. కుడి డొక్కలో పోటు. ఊరి డాక్టరు చూసి పిత్తసంచిలో చీము పట్టింది, వెంటనే ఇంజక్షన్లు మొదలెట్టాలి అన్నాడు. ఆమె తమ్ముడికి ఫోను చేయమంది. చేశాను. స్పీకరు పెట్టాను.

"అప్పా, ఇంజక్షను పడితే పేగులోది మొత్తం ఊడ్చుకుపోతాది. తొట్టెలకి ఇంకొక్కసారి కావాలి. మూడ్రోజులు ఓర్సుకో. నేనొచ్చి తీసుకున్నాక వేయించుకుందువు."

"ముందు సూది వేయిద్దాం. వాడి తొట్టెలు తర్వాత," అన్నాను.

"మూడ్రోజులకి నానేటి సచ్చిపోతానా?" అంది ఆమె. "పాపం, అంత దూరం వచ్చినాడు పనిలో. ఆ జబ్బోళ్ళు కూడా ఎవులో కన్న పిల్లలే కదా."

జగ్గు మూడో రోజు వచ్చాడు. డబ్బా తీసుకుని కారులో మంచుపెట్టెలో పెట్టుకున్నాడు. తర్వాత ఆమెను అదే కారులో విశాఖపట్నం తీసుకెళ్ళాం. అప్పటికి చీము నెత్తురులోకి పోయింది. మంచుపెట్టె ముందు సీట్లో ఉంది. పారమ్మ వెనక సీట్లో నా ఒళ్ళో ఉంది. ఆసుపత్రిలో రెండు రాత్రులు ఉంది. అంతే.

మా వైపు ఇంటి ఆడమనిషి పోతే వంటింట్లో మట్టికుండలన్నీ మైల. వాటిని ఆమె పుట్టింటివాళ్ళు మోసుకెళ్ళి ఏట్లో పగలగొట్టాలి. వెనక్కి తిరిగి చూడకుండా రావాలి. కొత్తకుండలు వాళ్ళే కొనివ్వాలి. పారమ్మకు పుట్టింటివాడు జగ్గు ఒక్కడే. పదకొండో రోజు, పెద్దకర్మ నాడు, తరవాణి కుండను భుజాన పెట్టుకుని వేగావతి ఏటి ఒడ్డుకు నడిచాడు.

"అది కూడానా బాబూ?" అన్నారు పెద్దలు.

"మైల మైలే," అన్నాడు. తొట్టెల్లో పెంచడం వచ్చేసిందని అతని ధీమా. అంత చదివినవాడు, ఆ కుండ ఏమిటో లోకంలో అందరికంటే బాగా తెలిసినవాడు, తన చేత్తో రాతిమీద వేసి కొట్టాడు. పద్ధతి ప్రకారం వెనక్కి చూడలేదు. కొత్తకుండలు పెట్టి, ఆ సాయంత్రమే విశాఖపట్నం వెళ్ళిపోయాడు.

పన్నెండో రోజు పక్కింటి బంగారమ్మ చెంబుతో వచ్చింది.

"మా పిల్లి కుండ తన్నేసినప్పుడు పారమ్మప్ప ఇచ్చింది. ఇప్పుడు మీ కుండ పోయింది. నా దగ్గర బాకీ ఉంచుకోకూడదు. ఇదిగో."

నా చేతికి ఇవ్వకుండా తనే కొత్తకుండలో పోసింది. గంజి ఎలా వార్చాలో, దబ్బాకులు ఎప్పుడు మార్చాలో నాకు నేర్పింది. అప్పటి నుంచి నేనే చూసుకుంటున్నాను. పొద్దున్నే అదే తింటున్నాను. బీడీలు మానేశాను. బంగారమ్మ తర్వాత మంచం పట్టి పోయింది. ఆమె కోడలు ఫ్రిజ్ కొని కుండ తీసేసింది. వీధిలో అందరూ అలాగే తీసేశారు. ఇప్పుడు తరవాణి మా ఇంట్లోనే ఉంది.

జగ్గుకు ఈ సంగతి తెలీదు.

*

జగ్గు వెంట కారులోంచి ఒక అమ్మాయి దిగింది. గోడ పట్టుకుని దిగింది. బాగా సన్నగా ఉంది.

"ఈమె గంగాభవాని బావా. బస్సు కండక్టరు. అప్ప మందుతో నయమైన మనిషి. పురస్కారం రోజున స్టేజీ మీద మాట్లాడాలి."

"కూర్చోండి," అన్నాను. వీధి వసారాలో కూర్చున్నారు. ఆ అమ్మాయి కూర్చుంటూనే అడిగింది.

"మావయ్యా, దొడ్డి ఎటేపు?"

చూపించాను. వెళ్ళి చాలాసేపటికి వచ్చింది. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"నయమైంది అన్నావు," అన్నాను జగ్గుతో.

"నయమైంది. రెండేళ్ళు బాగుంది. ఇప్పుడు తిరగబెట్టింది. ఈమెకే కాదు, అందరికీ. తొట్టెల్లో పెంచితే పెరుగుతోంది బావా. కోట్లకి కోట్లు పెరుగుతోంది. పనే మర్చిపోయింది."

ఫోను తీసి చూపించాడు. అదే గాజుపలక. అదే గీత. చుక్క వేశారు. చాలాసేపు చూశాను. గీత అలాగే ఉంది.

"దానికి కుండా కావాలి, మనిషీ కావాలి. అక్కడ నిద్రపోయి ఇక్కడ లేవాలి. ఉట్టి తొట్టెలో పడుంటే బద్ధకం వచ్చేసింది. మంచులో దాచింది కూడా లేవట్లేదు. మీ వీధంతా మనుషుల్ని పంపి అడిగించాను. అందరివీ ఫ్రిజ్‌లే. ఇక్కడిది నా చేత్తోనే పగలగొట్టాను కదా, ఈ గుమ్మంలో అడగొద్దన్నాను."

"నీ కడుపులో లేదా? ఈ ఇంట్లోనే కదా తిన్నావు."

"సూసుకున్నాను. హాస్టలు తిండికి ఎప్పుడో పోయింది."

"మరి బహుమతి ఎలా తీసుకుంటావు?"

తల దించుకున్నాడు. "ఇంకా ఎవరికీ తెలీదు. ఈ ఆదివారమే పురస్కారం. అది పోతే పోనీ బావా. మందు పోకూడదు. ఇంక మిగిలింది నీ కడుపొక్కటే. ముప్పై ఏళ్ళు అప్ప చేతి తరవాణి తిన్నావు. ఏ మూలో కాస్త ఉంటాది. కొత్తకుండ పెడదాం. వారం రోజులు ఆ అన్నమే తిను. కాస్త బలం పట్టాక తీసుకుంటాను."

"బీడీ కంపు అన్నావు కదా."

"ఇప్పుడు ఏ కంపైనా పరవాలేదు," అన్నాడు. ఆ అమ్మాయి నవ్వింది. నవ్వి డొక్క పట్టుకుంది.

నేను జేబులోంచి మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టాను. కాలికున్న కట్టు విప్పాను. జగ్గు వంగి చూశాడు. అతను డాక్టరు కూడా. ఆ వాపు ఏమిటో అతనికి నేను చెప్పనక్కర్లేదు. మాత్రల పేరు కూడా చదివాడు.

"ఎప్పుడు మొదలెట్టమన్నాడు?"

"ఇవాళ. రాత్రి అన్నాడు. ఇంటికి రాగానే వేసుకుందామనుకున్నాను. నువ్వు ఉన్నావు."

ఇవి వేసుకుంటే పేగులోది మొత్తం ఊడ్చుకుపోతుంది. ఆ సంగతి నాకూ తెలుసు. వంటింట్లో కుండ ఉంది. కనుక నా కడుపులోది పోయినా మందుకు ఏమీ కాదు. అదీ నాకు తెలుసు. అతనికి తెలీదు. నేను చెప్పలేదు. అతని నోటి వెంట ఏమి వస్తుందో వినాలనుకున్నాను.

వాడు వాపు చుట్టూ వేళ్ళతో నొక్కి చూశాడు.

"బావా... ఒక్క నాలుగు రోజులు ఆగగలవా? రోజూ నేనే వచ్చి కట్టు కడతాను. చీము నేనే తీస్తాను. ముదురుతుందనిపిస్తే ఆ క్షణమే మాత్ర వేద్దాం."

"మీ అప్పకు మూడు చెప్పావు," అన్నాను. "నాకు ఒకటి ఎక్కువ."

వాడి మొహం నల్లబడింది. అయినా చెప్పిన మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ అమ్మాయి లేచింది. బల్ల మీది అట్ట తీసుకుని ఒక మాత్ర చింపింది. గుమ్మం పక్కనున్న కడవలోంచి గ్లాసులో నీళ్ళు ముంచింది.

"వేసుకో మావయ్యా."

"భవానీ, ఆగమ్మా," అన్నాడు జగ్గు. "అది వేస్తే ఏమవుతుందో నీకు తెలీదు."

"నాకు తెలీకపోతే ఇంకెవులికి తెలస్తాది సార్? దొడ్లో కూకుని లేవలేనిదాన్ని నేను. మీరు కాదు." గ్లాసు నా ముందుకు చాపింది. "ఈ మావయ్య కాలు తీయించి నన్ను బస్సెక్కిస్తారా? ఆ బస్సులో నేను టిక్కెట్టెలా కొట్టాలి? కుంటుకుంటూ ఎవులెక్కినా ఈయనే అనిపిస్తాది."

"నీ సంగతేటి మరి?" అన్నాను.

"నా సంగతి నాను పడతాను. ఈ మందు రాకముందు పడలేదేటి? నువ్వు మింగు ముందు. సేతులు నొప్పెడుతున్నాయి పట్టుకుని."

మాత్ర వేసుకున్నాను. నీళ్ళు తాగాను. జగ్గు కళ్ళు మూసుకున్నాడు.

"అయిపోయింది," అన్నాడు. తనకు తను చెప్పుకున్నట్టు అన్నాడు.

నేను లేచాను. కాలు ఈడ్చుకుంటూ లోపలికి నడిచాను. వంటింటి గుమ్మంలో ఆగి ఆ అమ్మాయిని పిలిచాను.

"నువ్వు ఇలా రా. డబ్బాలో బియ్యం ఉన్నాయి. ఒక గుప్పెడు కొంగులో పోసుకో."

"ఎందుకు మావయ్యా?"

"చెప్పింది చెయ్యి."

ఆమెకు కొంగు లేదు. చున్నీ ఉంది. అందులో పోసుకుంది. పద్ధతి ప్రకారం బియ్యం ఆమె ఇంటి నుంచి తేవాలి. ఈ ఒక్కటీ తప్పింది. పారమ్మ ఉంటే ఏమీ అనేది కాదు. కుండ మీద స్టీలు పళ్ళెం తీశాను. అసలు మూకుడు కుండతో పాటే ఏట్లో పోయింది. పళ్ళెం చిన్నది. ఎప్పుడూ జారుతుంటుంది. పులుపు వాసన, దబ్బాకుల వాసన గది నిండా వచ్చింది.

జగ్గు వసారాలోంచి లేచి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. వాసన పట్టుకుని వచ్చాడు. గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఇది..."

"మీ అప్పదే."

"నేనే కదా బావా పగలగొట్టింది."

"నువ్వు పగలగొట్టింది కుండ. నీళ్ళు ముందే బంగారమ్మ ఇంట్లో ఉన్నాయి. పన్నెండో రోజు తెచ్చి ఇచ్చింది."

"అప్పట్నుంచీ ఉందా? ఇన్నాళ్ళూ ఇక్కడే ఉందా? నాకొక్క మాట చెప్పలేదేటి బావా?"

"మీ తొట్టెలు చెడ్డాయని నాకు ఈ పూటే తెలిసింది. ఈ రెండేళ్ళలో నువ్వు ఒక్కపూట ఈ ఇంటికి అన్నానికి వచ్చుంటే నీ కంచంలోనే ఉండేది."

అతను గుమ్మం మీద కూర్చుండిపోయాడు.

ఆ అమ్మాయి గ్లాసుతో ముంచుకుని ఒక గుక్క తాగింది. మొహం చిట్లించింది. ఇంకో గుక్క తాగింది. బియ్యం కుండ పక్కన పోసింది. నేను చెంబుడు అడుగు నీళ్ళు వంచి ఆమె చేతికిచ్చాను. రోజూ గంజి ఎలా పొయ్యాలో చెప్పాను. ముందు తన ఇంట్లో కుండ పెట్టమన్నాను. అందులోంచి వాళ్ళ సార్‌కి కావలసింది ఇమ్మన్నాను.

"సార్‌కి మీరే ఇవ్వచ్చు కదా," అంది మెల్లగా.

"ఆడమనిషి చేతికే ఇవ్వాలి. పద్ధతి."

అది నిజమే. నిజం కాకపోయినా అతని చేతికి ఇచ్చేవాణ్ణి కాదు.

పొద్దుటి అన్నం కుండలో మిగిలి ఉంది. కంచంలో వేశాను. ఉల్లిపాయ పెట్టాను. కంచం జగ్గు ముందు పెట్టాను. ఇంటికి వచ్చిన మనిషికి అన్నం పెట్టకుండా పంపడం మా ఇంట్లో లేదు. పారమ్మ ఉన్నప్పుడూ లేదు. అతను తిన్నాడు. కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా తిన్నాడు. మధ్యలో చెయ్యి ఆపాడు.

"బావా, అప్ప విషయంలో నేను..."

"తినేటప్పుడు మాట్లాడకు."

తినడం అయ్యాక చెయ్యి కడుక్కున్నాడు. ఆదివారం నన్ను రమ్మన్నాడు. మొదట మందు ఇచ్చిన మనిషి కుటుంబానికి శాలువా కప్పుతారట. ముందు వరుసలో కుర్చీ వేశారట.

"రాను," అన్నాను. "నీళ్ళు ఇచ్చేశాను. వాటికీ ఇప్పుడు చెప్పేదానికీ సంబంధం లేదు. చెప్తే చెప్పు, మానితే మాను. ఆ స్టేజీ మీద మీ అప్ప గురించి మంచి మాటలు చెప్తావు. అవి వద్దు. మూడ్రోజులు ఆగమన్నానని చెప్పు. అది చాలు."

జగ్గు నావైపు చూశాడు. "చెప్తే పురస్కారం ఉండదు బావా. ఉద్యోగం కూడా ఉంటాదో లేదో."

"తెలుసు."

కారు వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి వెనక సీట్లో చెంబును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. కారు నడుపుతున్న జగ్గు పక్క సీట్లో ఎవరూ లేరు, ఏదీ లేదు.

*

ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను. ఎర్రయ్య ఫోను పట్టుకుని వచ్చాడు. విశాఖపట్నంలో పెద్ద హాలు. మెడలో దండలు. జఠరాగ్ని అని వెనక పెద్ద అక్షరాలు. మంత్రి గుండ్రటి గాజు ఫలకం ఒకటి జగ్గు చేతికిచ్చాడు. చప్పట్లు చాలాసేపు కొట్టారు. జగ్గు మైకు దగ్గరకు వచ్చాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఈ మందు మా అప్ప లెంక పారమ్మది," అన్నాడు. "ఆమెకు జ్వరం వచ్చినప్పుడు సూది వేయించుకోవద్దని, మూడు రోజులు ఆగమని నేనే చెప్పాను. ఆమె నా మాట విని ఆగింది. అందువల్ల చనిపోయింది. నాకు తెలిసే చెప్పాను. మళ్ళీ నాలుగు రోజుల కింద మా బావకు కూడా అదే చెప్పాను. తొట్టెల్లో పెంచిన మందు పనిచెయ్యడం మానేసింది. అది కూడా దాచాను."

ఆ రెండో మాట చెప్పమని నేను అడగలేదు. మూడోది కూడా అడగలేదు.

ఎవరో కుర్చీ జరిపారు. కెమెరా ముందు వరుస మీదికి తిరిగింది. అక్కడ ఖాళీ కుర్చీ ఒకటి ఉంది. దాని మీద మడిచిన శాలువా ఉంది.

"ఇదేటి మావా, ఇలా సెప్పీసినాడు?" అన్నాడు ఎర్రయ్య. "బహుమతి లాగేసుకుంటారేమో."

"లాక్కోనీ," అన్నాను.

లాక్కోలేదు. విచారణ వేశారు. పరిశోధనశాలలో అతన్ని పక్కన పెట్టారు. పని ఆగలేదు. భవాని రోజూ కుండ చూసుకుంటూ తాగింది. ఆమె కడుపులోంచి తీసిన చుక్కను అక్కడి పిల్లలు గాజుపలక మీద వేశారు. ఆ వీడియో నాకు పంపింది. బీట అంచులు కదిలాయి. దగ్గరకు జరిగాయి. పారమ్మ చెప్పినట్టే మీగడ కట్టింది. ఇప్పుడు ఒక్కరి కడుపు మీద ఆధారపడటం లేదట. ఇంటింటా కుండ పెట్టిస్తున్నారట. ఎవరికైనా జ్వరం వస్తే ముందు సూది వేయించుకోమని, తర్వాత పక్కింటి నుంచి అడుగు నీళ్ళు తెచ్చుకోమని చెబుతున్నారట. ఆ పద్ధతి మా ఆడవాళ్ళకు ఎప్పటి నుంచో ఉంది.

మాత్రల వల్ల నా కాలు తగ్గింది. కడుపులోది ఊడ్చుకుపోయే ఉంటుంది. మళ్ళీ కుండలోదే తింటున్నాను.

మొన్న జగ్గు వచ్చాడు. కారు లేదు. బస్సులో వచ్చాడు. భవాని టిక్కెట్టు కొట్టిన బస్సే అట. సంచిలోంచి గాజు ఫలకం తీసి అరుగు మీద పెట్టాడు.

"ఇది అప్పది బావా."

కాసేపు నిలబడ్డాడు. అన్నం వేళ అయింది. లోపలికి రమ్మంటానేమో అని చూశాడు. కంచం పెట్టాను. తిన్నాడు. వెళ్ళిపోయాడు. మేము మాట్లాడుకోలేదు. ఇక ముందు వచ్చినా అన్నం పెడతాను. మాట మాత్రం అతను అడగకూడదు.

ఫలకం మందంగా ఉంది. జానెడు వెడల్పు. గాజు కాబట్టి పులుపు తగిలినా ఏమీ కాదు. స్టీలు పళ్ళెం తీసేసి దాన్ని కుండ మీద పెట్టి చూశాను. జారలేదు. దాని మీద అతని పేరు చెక్కి ఉంది. ఆ వైపు కిందికి తిప్పాను. తేమ పట్టి అక్షరాలు మాయమయ్యాయి.

పొద్దున్న అన్నం వడ్డించుకునేటప్పుడు మూత తుడవాలి. అప్పుడు కనబడతాయి. తుడిచి, మళ్ళీ అదే వైపు కిందికి పెడతాను.